సింగపూర్‌కు బయలుదేరేవారికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సింగపూర్‌లో ఉద్యోగం వచ్చిందనో, రాబోతోందనో చెబుతూ సలహా కోరే ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో నలుగురికీ పనికివచ్చే ఏడింటిని ఎంచుకుని ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. సింగపూర్‌లో విదేశీయుల నివాసం వారి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ఆగితే పాస్, అంటే అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి, రద్దవుతుంది, దానితోపాటు భార్యాపిల్లల పాస్‌లూ రద్దవుతాయి. అందువల్ల ఇంటి ఒప్పందమైనా, బడి ప్రవేశమైనా, బ్యాంకు కాగితమైనా, తిరిగి రావలసి వస్తే ఏమవుతుందో ముందే ఆలోచించుకుని సంతకం పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. కింది జవాబుల్లో డాలర్లు అన్న చోటల్లా సింగపూర్ డాలర్లు అని గ్రహించగలరు.

ప్రశ్న: నా వయసు 34. సింగపూర్ కంపెనీ ఒకటి నెలకు 6,500 డాలర్ల జీతంతో ఆఫర్ ఇచ్చింది. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు 5,600 డాలర్లు చాలని మిత్రులు అంటున్నారు. నా భార్యను, మూడేళ్ళ పాపను వెంట తీసుకువెళ్ళవచ్చా? ఆమె అక్కడ ఉద్యోగం చేయవచ్చా? (హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు)

జవాబు: మీ మిత్రులు చెప్పిన అంకె నిజమే కానీ అది మీ వయసుకు వర్తించదు. 2025 జనవరి నుంచి అమలులో ఉన్న 5,600 డాలర్ల కనీస జీతం అప్పుడే చదువు ముగించుకుని వచ్చే 23 ఏళ్ళ యువకుల కోసం పెట్టినది. వయసు పెరిగే కొద్దీ ఆ మొత్తం కూడా పెరుగుతూ, 45 ఏళ్ళు వచ్చేసరికి 10,700 డాలర్లకు చేరుతుంది. ఆర్థిక సేవల రంగంలో ఇది ఇంకా ఎక్కువ. ఈ లెక్కన 34 ఏళ్ళ వ్యక్తికి 8,000 డాలర్లు దాటిన జీతం ఉండాలి. మీకు ఇస్తామన్న 6,500 డాలర్లకు ఎంప్లాయ్‌మెంట్ పాస్ వచ్చే అవకాశం లేదు. ఈ పరిమితులను ప్రభుత్వం తరచుగా పెంచుతుంది కాబట్టి, దరఖాస్తు పెట్టే సమయానికి ఎంత ఉందో అక్కడి మ్యాన్‌పవర్ మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో మీరే చూసుకోవాలి. మీ వయసు, చదువు, జీతం నమోదు చేస్తే అర్హత ఉందో లేదో చెప్పే సదుపాయం అందులో ఉచితంగా ఉంది.

జీతం సరిపోయినా కంపాస్ అనే పాయింట్ల పరీక్ష మిగిలి ఉంటుంది. 2023 సెప్టెంబరు నుంచి కొత్త దరఖాస్తులకు ఇందులో 40 పాయింట్లు రావాలి. మీ జీతం, చదువుతోపాటు, కంపెనీలో స్థానికులు ఎందరున్నారు, మీ దేశం వారు ఇప్పటికే ఎంత శాతం ఉన్నారు అన్నవి కూడా ఇందులో లెక్కకు వస్తాయి. వృత్తి నిపుణుల స్థాయి ఉద్యోగుల్లో నాలుగో వంతు, అంతకు మించి భారతీయులే ఉన్న కంపెనీ అయితే, ఆ అంశం కింద మీకు ఒక్క పాయింటు కూడా రాదు. మన వాళ్ళు ఎక్కువగా ఉన్నారన్న ధైర్యంతో కంపెనీని ఎంచుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీ కంపెనీ మీకు ఎస్ పాస్, అంటే మధ్య స్థాయి నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు ఇచ్చే పాస్, కోసం దరఖాస్తు చేయవచ్చు. దానికి కనీస జీతం తక్కువే కానీ కంపెనీకి విదేశీ ఉద్యోగుల కోటా ఉండాలి, విదేశీయుణ్ణి పెట్టుకున్నందుకు నెలనెలా ప్రభుత్వానికి లెవీ అనే రుసుము కట్టాలి. ఆ లెవీని మీ జీతంలో కోయడం చట్టవిరుద్ధం. ఏ పాస్ కోసం దరఖాస్తు చేస్తున్నారో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. అనుమతి లేఖ, అంటే అందరూ ఐపీఏ అని పిలిచే కాగితం, చేతికి రాకముందు ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఐపీఏకి ఆరు నెలల గడువు ఉంటుంది. ఎస్ పాస్‌కు గడువు అంతకంటే బాగా తక్కువ. హైదరాబాదు కంపెనీల్లో నోటీసు కాలం సాధారణంగా మూడు నెలలు కాబట్టి, ఈ రెండు తేదీలూ పొసగుతాయో లేదో ముందే సరిచూసుకుని, అవసరమైతే గడువు పొడిగింపు కోరమని కొత్త కంపెనీకి చెప్పండి.

కుటుంబం విషయానికి వస్తే, మీ స్థిర మాస వేతనం 6,000 డాలర్లు దాటుతోంది కాబట్టి ఏ పాస్ మీద వెళ్ళినా భార్యకు, పాపకు డిపెండెంట్ పాస్ కోరవచ్చు. బోనసు, ఓవర్‌టైమ్ ఈ లెక్కలోకి రావు. తల్లిదండ్రులను దీర్ఘకాలం ఉంచుకోవాలంటే మాత్రం జీతం 12,000 డాలర్లు ఉండాలి. పాపకు డిఫ్తీరియా, తట్టు టీకాలు వేయించినట్లు రుజువు కావాలి. దాన్ని అక్కడి ఆరోగ్య అధికారులు పరిశీలించాకే పాస్ ఇస్తారు. మన ఇళ్ళలో ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, జనన ధ్రువపత్రంలో మరోచోట ఉండటం, వివాహ ధ్రువపత్రంలో అసలే లేకపోవడం మామూలు. ఈ మూడింటిలోనూ పేర్లు ఒకేలా ఉండేటట్లు ఇక్కడ ఉండగానే సరిచేయించుకోండి. అక్కడికి వెళ్ళాక ఈ పని బహు కష్టం.

మీ భార్య డిపెండెంట్ పాస్ మీద ఉద్యోగం చేయడానికి వీలు లేదు. 2021 మే నెలకు ముందు యజమాని ఒక అనుమతి లేఖ తెచ్చుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆమెకు సొంతంగా వర్క్ పాస్ రావాలి, అంటే పైన చెప్పిన నియమాలన్నీ ఆమెకూ వర్తిస్తాయి. ఆమె ఇక్కడ మంచి ఉద్యోగంలో ఉంటే, ఒక్క జీతంతో సింగపూర్‌లో ఇల్లు నడిపి ఎంత మిగులుతుందో లెక్క వేసుకున్నాకే నిర్ణయం తీసుకోండి. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో ఒకరి ఉద్యోగం పోవడం డబ్బు లెక్కతో తీరేది కాదు కాబట్టి, ఈ మాట ఆమెతో కూర్చుని తీరికగా మాట్లాడవలసింది.

ప్రశ్న: వచ్చే నెలలో మేము వెళుతున్నాము. అద్దె ఇల్లు ఇక్కడి నుంచే ఖాయం చేసుకోమని, లేకపోతే చేజారిపోతుందని ఒక ఏజెంటు వాట్సాప్‌లో ఫోటోలు పంపి, ఒక నెల అద్దె ముందుగా పంపమంటున్నారు. పంపవచ్చా? ఒప్పందంలో ఏమేమి చూసుకోవాలి? (విజయవాడ నుంచి ఒక గృహిణి)

జవాబు: పంపవద్దమ్మా. సింగపూర్‌లో ప్రతి ఏజెంటూ ఎస్టేట్ ఏజెన్సీల మండలిలో నమోదై ఉండాలి. ఆ మండలి వెబ్‌సైటులో పేరు, ఫోన్ నంబరు కొట్టి చూస్తే ఆ వ్యక్తి నిజంగా ఏజెంటో కాదో తెలిసిపోతుంది. నిజమైన ఏజెంటు పేరును, నంబరును వాడుకునే మోసగాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి, జాబితాలో ఉన్న నంబరుకు మీరే ఫోను చేసి మాట్లాడండి. అంతకంటే ముఖ్యమైన నియమం మరొకటి ఉంది: హెచ్‌డీబీ ఇళ్ళ, అంటే ప్రభుత్వ గృహ నిర్మాణ మండలి కట్టించిన ఫ్లాట్ల, అద్దె సొమ్మును ఏజెంటు తన చేతికి తీసుకోరాదు. డబ్బు నేరుగా యజమాని ఖాతాకే వెళ్ళాలి. ఇల్లు కళ్ళారా చూడకుండా, యజమాని ఎవరో తేల్చుకోకుండా ఒక్క డాలరు కూడా పంపకండి.

మొదటి నెల ఎక్కడ ఉండాలన్నది మీ అసలు సమస్య. హోటలు, సర్వీస్ అపార్ట్‌మెంట్ లేదా అనుమతి ఉన్న కో-లివింగ్ (నలుగురితో కలిసి ఉండే) ఇల్లు మాత్రమే చూసుకోండి. సొంత ఇళ్ళను రోజులకు, వారాలకు అద్దెకివ్వడం అక్కడ నేరం. ప్రైవేటు ఇంటికి కనీసం మూడు నెలలు, హెచ్‌డీబీ ఇంటికి కనీసం ఆరు నెలలు ఒప్పందం ఉండాలి. మొదటి కొన్ని వారాల బస కంపెనీయే భరించాలని ఆఫర్ మీద సంతకం పెట్టకముందే అడగండి. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, కానీ అడగని వారికి ఇవ్వవు.

సింగపూర్ నివాసుల్లో అత్యధికులు హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. కాండో అంటే ఈత కొలను, కాపలా ఉన్న ప్రైవేటు అపార్ట్‌మెంట్, అద్దె ఎక్కువ. హెచ్‌డీబీ ప్రకటనల్లో ‘4 రూమ్’ అని రాస్తే హాలును కూడా కలిపి లెక్కించారని అర్థం, పడకగదులు మూడే ఉంటాయి. అటువంటి ఇంటికి స్థూలంగా నెలకు 3,000 డాలర్లు, ఆ పైన అవుతుంది. మలేసియా వారు కాని విదేశీయులకు హెచ్‌డీబీ ఇళ్ళు పూర్తిగా అద్దెకివ్వడానికి కోటా ఉంది: పేటలో 8 శాతం, బ్లాకులో 11 శాతం. అది నిండిపోయిన బ్లాకులో యజమాని ఇష్టపడినా ఇల్లు ఇవ్వలేడు. యజమాని హెచ్‌డీబీ నుంచి అద్దెకిచ్చే అనుమతి తెచ్చుకున్నాడో లేదో, అద్దెదారులుగా మీ పేర్లు నమోదు చేశాడో లేదో ఇంట్లో దిగే ముందే ఆధారంతో చూపించమనండి.

మన వంట విషయం కూడా చెప్పాలి. కొందరు యజమానులు భారతీయులకు ఇల్లివ్వబోమని మొహం మీదే చెబుతారు, ఇంకొందరు ‘లైట్ కుకింగ్’, అంటే తేలికపాటి వంట మాత్రమే, అంటారు. మనసు నొచ్చుకునే మాటే కానీ, అటువంటి ఇంటి కోసం బతిమాలుకోవలసిన పని లేదు. మొదటి ఫోనులోనే మీ కుటుంబం, మీ వంట సంగతి దాచకుండా చెప్పండి. రోజూ పోపు పెట్టుకుని, వారానికోసారి చేపల పులుసు చేసుకునే ఇల్లు మనది. నోటిమాటతో సరే అన్న యజమాని రేపు వాసన అంటూ డిపాజిట్ కోయకుండా, వంటకు పూర్తి అనుమతి ఉన్నదని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. గోడలకు నూనె జిడ్డు పట్టకుండా పొయ్యి మీది చిమ్నీ పనిచేస్తోందో లేదో చూసుకోండి.

ఒప్పందంలో అన్నిటికంటే ముఖ్యమైనది అక్కడ డిప్లొమాటిక్ క్లాజ్ అని పిలిచే షరతు. మీ వారి ఉద్యోగం పోయినా, వేరే దేశానికి బదిలీ అయినా, ఒప్పందాన్ని మధ్యలో ముగించుకునే హక్కును ఇది ఇస్తుంది. రెండేళ్ళ ఒప్పందాల్లో సాధారణంగా మొదటి 12 నెలలు గడిచాక, రెండు నెలల నోటీసు ఇచ్చి దీన్ని వాడుకోవచ్చు. ఇది లేని ఒప్పందం మీద విదేశీ ఉద్యోగి సంతకం పెట్టకూడదు. ఏడాది ఒప్పందమైతే దీన్ని సాధారణంగా ఇవ్వరు కాబట్టి, మీ వారి ఉద్యోగ నియామకం ఎంతకాలానికో చూసుకుని ఏడాదా, రెండేళ్ళా అన్నది తేల్చుకోండి. ఏజెన్సీల మండలి తయారు చేసిన నమూనా ఒప్పందం ఉచితంగా దొరుకుతుంది. యజమాని ఇచ్చిన కాగితాన్ని దాని పక్కన పెట్టి చదివితే ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది.

డిపాజిట్ ఏడాదికి ఒక నెల అద్దె, రెండేళ్ళకు రెండు నెలల అద్దె వాడుక. ఇది కాక, స్టాంపు సుంకం అద్దెదారు కట్టాలి: నాలుగేళ్ళ లోపు ఒప్పందానికి మొత్తం అద్దెలో 0.4 శాతం. నెలకు 3,200 చొప్పున రెండేళ్ళకు 76,800 డాలర్లు కాబట్టి సుంకం సుమారు 307 డాలర్లు. సంతకం చేసిన 14 రోజుల్లో కట్టాలి. స్టాంపు లేని ఒప్పందం రేపు తగాదా వస్తే సాక్ష్యంగా చెల్లదు.

తాళాలు తీసుకునే రోజున తొందరపడకండి. ప్రతి గదిలోనూ గోడలు, నేల, కిటికీ గొళ్ళాలు, పరుపుల మీది మరకలు, కొళాయిలు తిప్పి నీళ్ళు కారడం, ఏసీలు ఒక్కొక్కటే వేసి చల్లగాలి రావడం వీడియో తీసి, అదే రోజు యజమానికి పంపండి. ఏసీలను మూడు నెలలకోసారి సర్వీసు చేయించే బాధ్యత సాధారణంగా అద్దెదారుదే. ఆ రశీదులన్నీ ఒక కవరులో దాచుకోండి, ఖాళీ చేసే రోజున డిపాజిట్ పూర్తిగా రావడానికి అవే ఆధారం. చిన్న మరమ్మతుల్లో ఒక్కోదానికి ఎంత వరకు మీరు భరించాలో అంకె రాసి ఉండాలి.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. అక్కడి ప్రభుత్వ బడిలో చేర్చాలని మా ఆశ. బడిలో తెలుగు చెబుతారా? పీఆర్ (శాశ్వత నివాస హోదా) తీసుకుంటే ఫీజు బాగా తగ్గుతుందంటున్నారు, నిజమేనా? (విశాఖపట్నం నుంచి ఒక తండ్రి)

జవాబు: ప్రభుత్వ బడిలో సీటు మీ ఆశ మీద కాక ఖాళీల మీద ఆధారపడి ఉంటుంది. పౌరులు, శాశ్వత నివాసుల పిల్లలందరికీ ఇచ్చాకే విదేశీ పిల్లల వంతు వస్తుంది. ఒకటో తరగతి దాటిన పిల్లలు ఏఈఐఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇది ఇంగ్లీషు, లెక్కలలో ఉంటుంది, ప్రధాన పరీక్ష ఏడాది ద్వితీయార్ధంలో జరుగుతుంది. ఉత్తీర్ణుడైనా మీరు కోరిన బడి రాదు, ఇంటికి దగ్గరలో ఖాళీ ఉన్న బడిని వాళ్ళే కేటాయిస్తారు. అక్కడి విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, తరగతిని వయసును బట్టి నిర్ణయిస్తారు. మన జూన్ లెక్క వేసుకుని వెళితే మధ్యలో కొన్ని నెలలు బాబు బడి లేకుండా ఉండిపోతాడు. ఆసియాన్ దేశాలకు చెందని విదేశీ పిల్లల ఫీజు పౌరులతో పోల్చలేనంత ఎక్కువ, పైగా ఏటా పెరుగుతోంది.

ప్రైవేటు బడులలో గ్లోబల్ ఇండియన్, యువభారతి వంటివి సీబీఎస్ఈ పాఠాలు చెబుతాయి. మూడు నాలుగేళ్ళలో తిరిగి వచ్చే ఆలోచన ఉంటే ఇవే మేలని నేననుకుంటాను. బాబు విశాఖలో ఏ తరగతిలో చేరినా పాఠాలు కొత్తగా ఉండవు. చేర్పించేముందు, మధ్యలో మానిపిస్తే ఎన్ని వారాల ముందు నోటీసు ఇవ్వాలో, కట్టిన ఫీజు ఎంత తిరిగి ఇస్తారో అడిగి రాయించుకోండి.

తెలుగు గురించి మీరు అడిగినందుకు సంతోషం. సింగపూర్ బడుల్లో ఇంగ్లీషుతోపాటు ప్రతి పిల్లవాడూ ఒక మాతృభాష చదవాలి. తమిళం అధికార భాష కాబట్టి బడిలోనే చెబుతారు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా పరీక్షలో మాతృభాషగా తీసుకోవచ్చు. తెలుగుకు ఆ జాబితాలో చోటు లేదు. మన పిల్లలు సాధారణంగా హిందీ గాని, తమిళం గాని తీసుకుంటారు. ఇప్పటికే హిందీ అక్షరాలు వస్తే హిందీ సులువు. ఆలస్యంగా చేరిన విదేశీ పిల్లలు మినహాయింపు కోరవచ్చు. కాబట్టి తెలుగు ఇంట్లో చెప్పవలసిందే, ఆ బాధ్యత మీదే. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం ఉగాది వంటి పండుగలు జరుపుతుంది. వెళ్ళిన మొదటి వారంలోనే వారిని కలిసి, తెలుగు తరగతులు ఎక్కడ జరుగుతున్నాయో అడగండి. అక్షరాలు నేర్చుకుంటున్న వయసులో రెండేళ్ళు తప్పిపోతే తరువాత ఆ బిడ్డ తెలుగు మాట్లాడతాడేమో కానీ చదవలేడు.

పీఆర్ వస్తే ఫీజు తగ్గడం నిజం. కానీ మీకు కొడుకు ఉన్నాడు. మీ ద్వారా పీఆర్ పొందిన మగపిల్లవాడు పదహారున్నర ఏళ్ళకు నేషనల్ సర్వీసుకు పేరు నమోదు చేసుకుని, ఆ తరువాత రెండేళ్ళు పూర్తికాలం సైన్యంలోనో, పోలీసు లేదా పౌర రక్షణ దళంలోనో పనిచేయాలి. మొదటి తరం వారైన మీకు సాధారణంగా ఆ బాధ్యత ఉండదు, అతనికి ఉంటుంది. సేవ చేయకుండా పీఆర్ వదులుకుంటే, రేపు అక్కడ చదువుకోవడానికి, ఉద్యోగానికి అతను పెట్టే దరఖాస్తుల మీద ఆ ప్రభావం పడుతుంది. ఈ సేవను గౌరవంగా భావించి చేసే కుటుంబాలు ఉన్నాయి. మీరూ దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే దరఖాస్తు పెట్టండి, ఫీజు ఆదా కోసం మాత్రం పెట్టవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి వెళుతున్నాము. మందులు, పచ్చళ్ళు, పొడులు తీసుకువెళ్ళవచ్చా? (గుంటూరు నుంచి ఒక దంపతులు)

జవాబు: బీపీ, షుగరు మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో, అసలు పెట్టెల్లోనే తీసుకువెళ్ళండి. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే అల్ప్రజోలామ్ వంటివి, కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు ఉంటే మాత్రం అక్కడి ఆరోగ్య శాస్త్రాల ప్రాధికార సంస్థ నుంచి ముందుగానే అనుమతి తెచ్చుకోవాలి. మాదకద్రవ్యాల చట్టం అక్కడ ఎంత కఠినమో మీకు తెలిసే ఉంటుంది. ఆ చట్టం కారణంగానే వంటింటి గసగసాలు కూడా పెట్టెలో పెట్టవద్దు. గుట్కా, జర్దా, నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు పూర్తిగా నిషిద్ధం.

ఆవకాయ, గోంగూర, కందిపొడి ఇంటి వాడకానికి సరిపడా తీసుకువెళ్ళవచ్చు. కోడి, మాంసం పచ్చళ్ళు వద్దు, ఆమోదం పొందిన దేశాల నుంచి వచ్చిన మాంసాన్నే అనుమతిస్తారు. నిజానికి సెరంగూన్ రోడ్డులోని లిటిల్ ఇండియాలో మన వంటింటి సరుకు దాదాపు అంతా దొరుకుతుంది. ఇక్కడ బయలుదేరే ముందే ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకోండి. విదేశీయులకు ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా రాయితీ లేదు. వీసా కాక, విమానం దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డును ఆన్‌లైనులో ఉచితంగా నింపాలి. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

ప్రశ్న: నేను వెళ్ళి కొన్ని నెలలయింది. జీతంలో పన్ను ఏమీ కోయడం లేదు. అంటే పన్ను లేనట్లేనా? ఇండియాలోని బ్యాంకు ఖాతా సంగతి ఏమిటి? (కాకినాడకు చెందిన ఒక ఉద్యోగి)

జవాబు: పన్ను ఉంది. మన దగ్గర జీతం నుంచి నెలనెలా కోసే పద్ధతి అక్కడ లేదు, అంతే. ఈ ఏడాది ఆదాయానికి వచ్చే ఏడాది ఏప్రిల్‌లో లెక్క చెప్పి, ఆ తరువాత బిల్లు వచ్చాక మీరే కట్టాలి. గైరో పద్ధతిలో, అంటే బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే వెళ్ళే ఏర్పాటుతో, వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టే వీలుంది. ఏడాదిలో 183 రోజులు ఉంటే మీరు పన్నుకు రెసిడెంట్. రెండు సంవత్సరాలకు విస్తరించిన ఒకే ఉద్యోగ కాలం మొత్తం 183 రోజులైనా ఆ హోదా ఇస్తారు. అప్పుడు మొదటి 20,000 డాలర్లకు పన్ను లేదు. నెలకు 6,500 చొప్పున ఏడాదికి 78,000 డాలర్లు వస్తే, మినహాయింపులకు ముందు పన్ను 3,210 డాలర్లు అవుతుంది. నాన్ రెసిడెంట్ అయితే జీతం మీద 15 శాతం లేదా రెసిడెంట్ లెక్క, ఏది ఎక్కువైతే అది. ఆ బిల్లు కోసం నెలకు 300 డాలర్లు మరో ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచండి.

ఇండియాలో ఉన్న మామూలు పొదుపు ఖాతాను ఎన్ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాస భారతీయులు ఇక్కడి ఆదాయం ఉంచుకునే ఖాతాగా) మార్చుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. సింగపూర్ నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్‌ఈ ఖాతా (ప్రవాసులు విదేశీ సంపాదన ఉంచుకునే ఖాతా) తెరవండి, దాని వడ్డీకి మన దగ్గర పన్ను లేదు. ఎన్ఆర్‌ఓ వడ్డీ మీద మాత్రం 30 శాతం మేర కోస్తారు. ఉద్యోగం కోసం దేశం విడిచినవారు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్ అవుతారు. కాబట్టి ప్రయాణం తేదీ మీ చేతిలో ఉన్నవారు సెప్టెంబరు మూడో వారం దాటకుండా చూసుకోవడం మేలు. ఓటీపీలు వచ్చే భారతీయ సిమ్ ఆగిపోతే బ్యాంకు పనులన్నీ ఆగిపోతాయి, దాన్ని రోమింగ్‌తో బతికించి ఉంచుకోండి.

ప్రశ్న: కంపెనీలో కోతలు మొదలయ్యాయి. ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో దేశం విడవాలి? (సింగపూర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ధైర్యంగా ఉండండి, సమయం ఉండగానే అడిగారు. చివరి పనిదినం తరువాత వారం రోజుల్లో కంపెనీ మీ పాస్‌ను రద్దు చేయాలి. ఆ రోజు నుంచి సాధారణంగా 30 రోజుల స్వల్పకాల సందర్శక పాస్ ఇస్తారు. మీ మీద ఆధారపడిన వారికీ అంతే. ఆ లోగా మరో యజమాని కొత్త పాస్‌కు దరఖాస్తు చేయవచ్చు. గడువు పొడిగించమని ఇమిగ్రేషన్ వారిని కోరవచ్చు కానీ ఇస్తారన్న భరోసా లేదు. గడువు దాటి ఒక్క రోజు ఉన్నా నేరమే.

కంపెనీతో మాట్లాడేటప్పుడు, నోటీసు కాలానికి బదులుగా డబ్బిచ్చి వెంటనే పంపేయకుండా, ఆ కాలమంతా ఉద్యోగంలోనే ఉంచమని అడగండి. పాస్ అన్ని రోజులూ చెల్లుతుంది. ఇంకొక సంగతి చాలా మందికి చివరి రోజు దాకా తెలియదు: విదేశీ ఉద్యోగి వెళ్ళిపోతున్నప్పుడు కంపెనీ పన్ను శాఖకు ఐఆర్21 అనే పత్రం దాఖలు చేసి, లెక్క తేలేదాకా మీకు రావలసిన జీతం, బకాయిలు మొత్తం ఆపి ఉంచాలి. అంటే డబ్బు అత్యవసరమైన నెలలోనే జీతం చేతికి రాదు. అందువల్ల మూడు నెలల ఇంటి ఖర్చు ఇప్పుడే పక్కన పెట్టండి. ఇంటి ఒప్పందం తీసి డిప్లొమాటిక్ క్లాజ్ ఏ తేదీ నుంచి వర్తిస్తుందో చూసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా చివరి పనిదినంతోనే ఆగవచ్చు కాబట్టి, వాయిదా వేసుకున్న వైద్య పరీక్షలు ఉంటే ఈ వారమే చేయించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి సింగపూర్‌లో నిర్మాణ పనికి వీసా ఇప్పిస్తానని ఏజెంటు ఐదు లక్షలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పంపి, అక్కడ వర్క్ పర్మిట్‌గా (పని అనుమతిగా) మారుస్తాడట. సగం డబ్బు రేపే కట్టమంటున్నాడు. (జగిత్యాల జిల్లా నుంచి ఒక తండ్రి)

జవాబు: అన్నా, రేపు ఆ డబ్బు కట్టకండి. విజిట్ పాస్ మీద పనిచేయడం సింగపూర్‌లో నేరం, పట్టుబడితే శిక్ష పడేది మీ అబ్బాయికి. సక్రమమైన దారిలో యజమాని ముందు దరఖాస్తు చేసి, ఐపీఏ లేఖ తెచ్చి పంపుతాడు, ఆ తరువాతే మనిషి విమానం ఎక్కుతాడు. ఆ లేఖలో కంపెనీ పేరు, మూల వేతనం, భత్యాలు, కోతలు రాసి ఉంటాయి. అది నిజమో కాదో మ్యాన్‌పవర్ మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇంటర్నెట్ చూడగలిగిన చదువుకున్న పిల్లవాడి చేత అది చూపించుకోండి. భారతదేశం నుంచి నిర్మాణ రంగానికి వెళ్ళేవారు అక్కడి భవన నిర్మాణ ప్రాధికార సంస్థ గుర్తించిన కేంద్రంలో పనితనం పరీక్ష పాసై ఉండాలి. మీ అబ్బాయి ఆ పరీక్ష రాయలేదంటే ఏజెంటు మాటలో మొదటి అబద్ధం అక్కడే దొరికింది.

మన దేశంలో ప్రభుత్వం వద్ద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. సింగపూర్ ఏజెన్సీ కూడా ఏడాది ఒప్పందానికి ఒక నెల జీతం, ఎంత కాలానికైనా రెండు నెలల జీతం మించి తీసుకోరాదు. యజమాని కట్టే 5,000 డాలర్ల పూచీకత్తు, నెలవారీ లెవీ, ఏడాదికి 60,000 డాలర్ల వైద్య ఖర్చుకు వర్తించే బీమా, వీటిలో ఏదీ కార్మికుడి నెత్తిన వేయడానికి వీల్లేదు. ఐదు లక్షల అప్పు మీద వడ్డీ ఎంతవుతుందో, అక్కడ తిండికి, ఫోనుకు పోగా నెలకు ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. పొలం తాకట్టు పెట్టి వెళ్ళినవాడు యజమాని ఎంత బాధపెట్టినా తిరిగి రాలేడు, ఆ అప్పే అతన్ని అక్కడ కట్టిపడేస్తుంది.

ఏజెంటు పేరు నమోదైనదో కాదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ జాబితాలో చూడండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు మనవారిని ఎంపిక చేసి పంపుతుంది, అక్కడ అబ్బాయి పేరు నమోదు చేయించండి. ఆంధ్రప్రదేశ్ వారికి ఇటువంటి పని ఓమ్‌క్యాప్ చేస్తుంది. ఏజెంటుకు ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే రశీదు, ఫోను సందేశాలు చెరపకుండా ఉంచి, పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.